ఆదెప్ప ఎంగిలిపడిన పూట

బేస్తవారం పొద్దు పొడిచేలోగా కావలసిన పనులు చాలా ఉన్నాయి. ఆంజనేయస్వామి గుడి అరుగు పేడతో అలకాలి. మూడు రోజులు ఆరకుండా వెలగాల్సిన దీపానికి ఆముదం తేవాలి. మద్దెలను ఎండలో పెట్టి బిగించాలి. ఇంటికొకటి చొప్పున నలభై రెండు కంకణాలు పసుపునీళ్లలో ముంచి ఆరబెట్టాలి. బుధవారం పొద్దుగూకి అందరి తిండీ అయ్యాక ప్రతి ఇంట్లో పొయ్యి చల్లార్చి, బూడిద ఎత్తించి దిబ్బలో పోయించాలి. పసిపిల్లలున్న ఇళ్లలో అటుకులూ బెల్లమూ ఉన్నాయో లేదో కనుక్కోవాలి. అన్నీ అయ్యాక ఆదెప్ప తలకు పోసుకుని, అందరికంటే ముందు తన చేతికి కంకణం కట్టుకోవాలి.

ఆదెప్ప వీటిలో ఏ ఒక్కటీ ఇంకొకరికి వదలలేదు. అరవై రెండేళ్ల మనిషి, భజన గుంపుకు గురువు. కంకణాల వెదురుసిబ్బి చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు.

అది పంతొమ్మిది వందల ఎనభై అయిదో సంవత్సరం. ఆషాఢం సగం దాటినా తనకల్లు చుట్టుపక్కల ఒక్క పదును వాన కూడా పడలేదు. దున్ని పెట్టుకున్న చేలు పెంకులా ఎండిపోయాయి. విత్తనం వేరుసెనగ కాయలు ఒలవకుండా మూటల్లోనే ఉన్నాయి. అందుకని రాళ్లవంకపల్లె పెద్దలు వానదీక్ష పట్టాలని తీర్మానించారు. మూడు రోజులు మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టకూడదు. పసిపిల్లలకు మాత్రం అటుకులు. ఊళ్లో ఏ ఇంటి కప్పు మీదా పొగ లేవకూడదు. ఇంటి పెద్ద కంకణం కట్టించుకుంటే ఇంటిల్లిపాదీ దీక్షలో ఉన్నట్టే. శనివారం పొద్దు వాలాక ఆదెప్ప తీర్థం తీసుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటాడు. కంకణాలు కట్టిన గురువు ఎంగిలిపడితే ఊరందరి దీక్షా ముగిసినట్టు. అది తాతలనాటి కట్టడి.

ఆ పెద్దరికం ఆదెప్పకు ఊరికే రాలేదు. నలభై ఏళ్లలో ఒక్క ఏకాదశి తప్పలేదు. జ్వరం తగిలినా తప్పలేదు, కూతురి పెళ్లినాడూ తప్పలేదు. కదిరి తేరుకు పోయినప్పుడు ఎవరో ఒకరు "రాళ్లవంకపల్లె ఆదెప్పగారేనా?" అని చెయ్యెత్తి మొక్కేవాళ్లు. ఆ మొక్కు అందుకునేటప్పుడు ఆదెప్ప వెన్ను ఇంకొంచెం నిటారుగా అయ్యేది.

సుబ్బలక్ష్మమ్మ ఇంటి ముందు ఆగేసరికి ఆమె గడపలోనే చెయ్యి చాపి నిలబడి ఉంది.

"కట్టప్పా. మా రామాంజులు బెంగుళూరికి కూలికి పోయినాడు. ఇంట్లో నేనూ కోడలూ, ఇద్దరమే."

కోడలు లక్ష్మక్క వెనక నిలబడి ఉంది. ఐదు నెలల బిడ్డ భుజం మీద నిద్రపోతోంది. ఆమె ఏదో అడగబోయి, అత్త వీపు వైపు చూసి ఊరుకుంది. ఆదెప్ప అది చూశాడు. చూసి, కంకణం ముడి బిగించి, పక్కింటికి నడిచాడు.

చివరి ఇల్లు మస్తాన్‌ది. మస్తాన్ బయటికొచ్చి తనూ చెయ్యి చాపాడు.

"నీకేంటికప్పా మస్తానా, ఇది మా ఆంజనేయస్వామి దీక్ష గదా?"

"మాకూ ఒకటి కట్టన్నా. వానేమన్నా నా చేనొక్కటి వదిలిపెట్టి కురుస్తాదా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆదెప్ప కూడా నవ్వి, ఇంటికొకటని లెక్కకు చేసిన నలభై రెండో కంకణం ఆ చేతికి కట్టాడు.

దీక్ష ఉన్నా సర్కారు పెట్టిన కరువుపని ఆగదు. ఊరి నుంచి తనకల్లు దోవ దాకా మట్టిరోడ్డు వేస్తున్నారు. రోడ్డు పక్కన గుంతలు తవ్వి, ఆ మట్టిని గంపలతో మోసి రోడ్డు మీద పోయాలి. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, అడుగు లోతు, ఒక గుంత. ఎంత లోతు తవ్వారో తెలియడానికి గుంత నడుమ చిన్న మట్టిదిమ్మెను తవ్వకుండా వదులుతారు. ఆ దిమ్మె పక్కన కర్ర నిలబెట్టి కొలిచే మేస్త్రీ ఆదెప్పే.

బేస్తవారం బాగానే గడిచింది. ఆదెప్ప కొలకర్ర భుజాన వేసుకుని గుంత గుంతకూ తిరుగుతూ రామనామం అందించాడు. పైకి గంప ఎత్తేవాళ్లు, కింద పార వేసేవాళ్లు అందుకున్నారు. ముసలీముతకా గుడి అరుగు మీద భజనకు కూర్చున్నారు. పనిలో ఉన్నవాళ్లకు ఊరిపెద్ద హనుమంతరాయుడు తన బండి మీద నీళ్లు తోలించాడు. దీక్ష మాట మొదట ఎత్తింది ఆయనే. ఆయన ఇంట్లో డెబ్బై ఏళ్ల తల్లి కూడా దీక్షలో ఉంది. సాయంత్రం గట్టు మీద నిలబడి చూస్తే ఊరి కప్పుల మీద ఒక్క పొగ లేదు. నలభై రెండు ఇళ్లూ ఒకే మాట మీద నిలబడినట్టు ఉంది. ఆదెప్పకు ఛాతీ ఉప్పొంగింది.

శుక్రవారం ఎండ ముదిరింది.

సుబ్బలక్ష్మమ్మ భజనలో ఉంది కాబట్టి ఇద్దరు చేయాల్సిన గుంతను లక్ష్మక్క ఒక్కతే చేస్తోంది. కాసేపు గడ్డపార వేసి మట్టి పెళ్లలు లేపుతుంది. పారతో గంపకెత్తుకుంటుంది. గంప తలకెత్తేవాళ్లు లేరు గనక మోకాలి మీద ఆనించి, అక్కణ్నుంచి నడుం మీదికి, నడుం మీదినుంచి తలమీదికి మూడు ఎత్తుల్లో లేపుతుంది. రోడ్డు మీద పోసి వచ్చి, తుమ్మచెట్టుకు కట్టిన చీర ఉయ్యాలను ఒకసారి ఊపి మళ్లీ గుంతలోకి దిగుతుంది. ఉయ్యాలలో బిడ్డ పొద్దున బిగ్గరగా ఏడ్చింది. మధ్యాహ్నానికి గొంతు తగ్గి సన్నగా, తెరపి లేకుండా ఏడవసాగింది.

నీళ్లబండితో వచ్చిన హనుమంతరాయుడు నీడకని తుమ్మచెట్టు కిందికి పోయాడు. పోయినవాడు పోయినట్టే నిలబడిపోయాడు.

"ఆదెప్పన్నా, ఒకసారి ఇట్లరా."

లక్ష్మక్క చెట్టు మొదట్లో కూలబడి ఉంది. కొంగులో చెనక్కాయ పొట్టు. పక్కన ఇసుకలో కక్కు. పచ్చి గింజలు ఖాళీ కడుపులో నిలవలేదు.

"ఇదేం పనమ్మా?" అన్నాడు హనుమంతరాయుడు. అరవలేదు, బాధగానే అన్నాడు. "అవి విత్తనం కాయలు గదా?"

"బిడ్డకు పాలు రావడం ల్యా, అన్నా. నిన్నట్నుంచి చప్పరించి చప్పరించి ఏడుస్తాంది."

పారలు ఆగిపోయాయి. జనం మూగారు. ఎవరో "అయిపాయ, వాన రాదింక" అన్నారు. ఇంకొకరు "ఊరంతా కడుపు కాల్చుకుంటాంటే ఒక్క ఇల్లు నిలబడలేకపోయిందే" అన్నారు. లక్ష్మక్క తల వంచుకుని, ఒడిలో మిగిలిన పొట్టును ఒక్కొక్కటే ఏరి కింద పడేస్తోంది.

హనుమంతరాయుడు అందరి వైపూ చూసి తీర్పు చెప్పాడు. "జరిమానా వద్దు, తిట్టేదీ వద్దు. దీక్ష తప్పిన ఇల్లు మళ్లీ దీక్ష పడితే సరి. రేపు పొద్దున్నే గుడికాడ ఆదెప్పన్న ఆ ఇంటికి కొత్త కంకణం కడతాడు. ఆ ఇల్లొక్కటి ఇంకో మూడు దినాలు ఉంటాది. మా అమ్మకు డెబ్బై ఏండ్లు. ఆమె ఉండల్యా?"

"మీయమ్మ గడ్డపార పట్టుకోల్యా, రాయుడన్నా" అన్నాడు మస్తాన్.

"నువ్వు ఊరుకోప్పా" అని నలుగురు ఒక్కసారే అన్నారు. అందరూ ఆదెప్ప వైపు చూశారు.

ఆదెప్ప లక్ష్మక్క ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆయనకు కోపం లేదు. నలభై ఏళ్లుగా తనకు తెలిసిన మాటే చెప్పాడు.

"ఆకలి కడుపులో ఉండేది కాదు తల్లీ, మనసులో ఉండేది. మనసును పట్టుకుంటే అది పలకదు. నేనూ రెండు దినాలనుంచి తినల్యా గదా? నువ్వు ఈడ్నే కూర్చో. నీ గుంతలో మిగిలింది నేను తవ్వుతా. చూడు."

పంచె ఎగ్గట్టి గుంతలోకి దిగాడు.

మొదటి పది పోట్లు బాగానే పడ్డాయి. ఆదెప్పకు గడ్డపార కొత్త కాదు. వయసులో బావులు తవ్వినవాడు. పదకొండో పోటుకు రాళ్లు కలిసిన గరుసునేల తగిలింది. గడ్డపార ఖంగుమని ఎగిరి అరచేతుల్ని కొట్టింది. మళ్లీ వేశాడు. పెళ్ల లేవలేదు. ఇరవైకి చెవుల్లో హోరు మొదలైంది. పార అందుకుని గంప నింపుకుని, మోకాలి మీదికి ఎత్తాడు. నడుం మీదికి ఎత్తేసరికి గంప ఒరిగి మట్టంతా పాదాల మీద పడింది. మళ్లీ నింపాడు. రోడ్డు దాకా మోశాడు. ఒకటి, రెండు, మూడు గంపలు. నాలుగో గంప గుంత దాటలేదు. ఎండ తెల్లగా అయి, ఆ తెలుపులో అక్కడక్కడా నల్లచుక్కలు లేచాయి. దిమ్మెను పట్టుకుని కూర్చుండిపోయాడు.

రామనామం గుర్తు రాలేదు. సంగటి గుర్తొచ్చింది. పొగలు కక్కే రాగిసంగటి, దాని నడుమ గుంట చేసి వేసుకున్న ఊరిబిండి పచ్చడి. ఆ వాసన ఎంత నిజంగా తగిలిందంటే, ఆదెప్ప సిగ్గుతో కళ్లు మూసుకున్నాడు.

కళ్లు తెరిచాక అలవాటుగా చేయి కొలకర్ర కోసం పోయింది. దిమ్మె పక్కన కర్ర నిలబెట్టి చూశాడు. ముక్కాలు గుంత దాకా లక్ష్మక్క తవ్వింది. పొద్దుట్నుంచి, ఒక్కతే, పాలిచ్చే తల్లి. దాని పక్కన తను తవ్వినది ఒక ఎద్దు పడుకునేంత జాగా కూడా లేదు.

మస్తాన్ నీళ్లచెంబు తెచ్చి ఇచ్చాడు. ఆదెప్ప తాగేదాకా ఆగి, ఎవరికీ వినపడకుండా అన్నాడు.

"ఒక మాట చెబుతా, కోపం చేసుకోకన్నా. పోయిన రంజాన్లో మా ఆడది బాలింత. రోజా ఉంటానని పట్టుబట్టింది. మాయమ్మ ఉండనీల్యా. పాలిచ్చే తల్లికి లేదు, జబ్బులో ఉండేటోళ్లకు లేదు, దూరం పోయేటోళ్లకు లేదు, తర్వాత తీరుబడిగా ఉందువులే అనింది. మా పెద్దలు ముందే అట్ల చెప్పి పెట్టినారు."

"మా పెద్దలు చెప్పల్యా అంటావా?"

"చెప్పే ఉంటార్లే. మీరు గుడి నీడలో కూర్చుని వింటిరి, మేం గుంతలో పని చేస్తా వింటిమి."

మస్తాన్ గడ్డపార తీసుకుని ఆ గుంతలో మిగిలిందంతా తవ్వడం మొదలుపెట్టాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి భార్య తిరుపాలమ్మ చల్లారిన పొయ్యి ముందు కూర్చుని రాళ్లేరిన రాగులను చాటలో చెరుగుతోంది. ఆమె ఆయన చేతుల వైపు చూసింది.

"ఏమయ్యా, చేతులకేమాయ? బొబ్బలు ల్యాసినాయే."

ఆదెప్ప జరిగిందంతా చెప్పాడు. గంప జారిపోయిన సంగతి కూడా దాచలేదు. తిరుపాలమ్మ చాట పక్కన పెట్టి, ఆముదం తెచ్చి ఆయన అరచేతులకు రాస్తూ కూర్చుంది. రాస్తూనే అంది:

"నువ్వు ఏకాదశి ఉండిన దినాలన్నీ నేనూ ఉంటి. తెలుసా నీకు?"

"తెలుసు గదా."

"ఏం తెలుసు? నువ్వు తంబుర పట్టుకుని నీడలో కూర్చుంటివి. నేను ఆ కడుపుతోనే నీళ్లు మోస్తి, పశువులకు మేత వేస్తి, తెల్లారి నీకు పెట్టేదానికి రాగులు విసిరితి. నిన్ను తప్పు పట్టల్యా. నువ్వడగల్యా, నేను చెప్పల్యా, అంతే." రెండో చేయి అందుకుంది. "మన ఎద్దులకు ఎప్పుడన్నా ఏకాదశి పెట్టినావా?"

"ఎద్దులకు ఏకాదశేందే?"

"కాడి మోసేదానికి మేత వేయకుంటే పాపమని నీకు తెలుసు గదా అయితే."

ఆదెప్ప దొడ్లో ఎద్దుల వైపు చూశాడు.

"మీ గురువు కుళ్ళాయప్ప తాత ఏం చెప్పేవాడు?" అంది తిరుపాలమ్మ మళ్లీ. "కడుపును నాలుగు పాళ్లు చేసి, ఒక పాలు నీళ్లకు, ఒక పాలు గాలికి వదలమనేవాడు. నువ్వు ఆ రెండు పాళ్లే ఊరికంతా చెబుతావు. మిగిలిన రెండు పాళ్లూ కూటికేనని ఆయన చెప్పల్యా?"

ఆదెప్ప ఆ మాటను వేలసార్లు చెప్పాడు. అరుగు మీద కూర్చుని, తంబుర మీటుతూ, కళ్లు మూసుకుని చెప్పాడు. తినడం తగ్గించమన్న మాటగానే దాన్ని విన్నాడు. తినమన్న మాట కూడా అందులోనే ఉందని ఈ సాయంత్రం దాకా చెవికెక్కలేదు.

శనివారం పొద్దు పొడిచేసరికి ఆదెప్ప స్నానం చేసి, దొడ్లోకి పోయి ఎండు కందికట్టె ఒక మోపు తెచ్చాడు. వసారాలో కూర్చుని మోకాలికేసి ఒక్కొక్కటే విరిచాడు. తిరుపాలమ్మ లోపల్నుంచి తొంగి చూసింది.

"ఏం చేస్తాండావు?"

"పొయ్యి రాజెయ్యి."

ఆమె కదలలేదు. "సాయంత్రానికి అయిపోతాది గదయ్యా. నలభై ఏండ్ల పేరు నీది. ఒక్క దినం ఆగల్యావా?"

"నేనాగుతా. పొద్దు వాలేదాకా ఆ బిడ్డ ఆగదు. ఇంకాసేపటికి గుడికాడ ఆ పిల్ల చేతికి ఇంకో మూడు దినాలు నా చేతుల్తోనే కట్టాల. రాజెయ్యి."

తిరుపాలమ్మ అగ్గిపెట్టె గీసింది. రెండు రోజులు చల్లగా ఉన్న పొయ్యి త్వరగా అందుకోలేదు. అందుకున్నాక దట్టంగా పొగ లేచింది. కప్పు సందుల్లోంచి పైకి పోయి, గాలి లేని ఆకాశంలో కంబంలా నిలబడింది.

ఊరంతా ఆ పొగ చూసింది. గుడి వైపు పోతున్నవాళ్లు వెనక్కి తిరిగారు. భజన ఆగిపోయింది. దీక్ష తప్పినవాళ్లెవరో పట్టుకుందామని పరుగెత్తుకొచ్చిన జనం ఆదెప్ప ఇంటి ముందుకొచ్చి నోరు తెరుచుకుని నిలబడ్డారు.

"ఏమప్పా, ఇల్లు అంటుకునిందేమో అనుకుంటిమి" అన్నాడు ఒకడు. ఎవరూ నవ్వలేదు.

హనుమంతరాయుడు వచ్చాడు. ఆయన వెనక సుబ్బలక్ష్మమ్మ, ఆమె వెనక బిడ్డతో లక్ష్మక్క. కొత్త కంకణం ఆయన చేతిలోనే ఉంది.

ఆదెప్ప వసారాలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముందు తిరుపాలమ్మ ఇచ్చిన జావ గిన్నె. పక్కన పళ్లెంలో రాగిముద్ద. ఆయన అందరినీ ఒకసారి చూశాడు. కుడిచేతి కంకణం పంటితో తెంపి గడప మీద పెట్టాడు. జావ గుక్కెడు తాగాడు. ముద్దలో చిటికెడు తుంచి, ఊరిబిండిలో అద్ది నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు, మింగాడు. దాచుకోకుండా, తొందరపడకుండా, నలభై ఏళ్ల పేరును అందరి కళ్లముందూ మింగాడు.

"ఆదెప్పన్నా!" అన్నాడు హనుమంతరాయుడు. "సాయంత్రం దాకా ఆగలేకపోతివా?"

"ఆగగలను రాయుడూ. గుడి అరుగు మీద కూర్చోబెడితే ఇంకా మూడు దినాలు ఆగగలను. గుంతలో దింపితే నాలుగు గంపలకు పడిపోతి. ఆ పిల్ల ముక్కాలు గుంత తవ్వింది. నేను కొలిచి చూస్తి. ఉపవాసం ఆ పిల్లది, పేరు నాది. ఇదేం న్యాయం?"

ఆదెప్ప సుబ్బలక్ష్మమ్మ వైపు తిరిగాడు.

"ఇంటి పెద్ద సరే అంటే ఇల్లంతా సరే అన్నట్టేనని కంకణం కడితి. ఆ పిల్లను అడగల్యా. అడగబోతాంటే చూసి కూడా పక్కింటికి పోతి. తప్పు అక్కడుండాది."

"మరి వాన?" హనుమంతరాయుడు నెమ్మదిగా అడిగాడు. ఆయన చేలు పదెకరాలు బీడుగా ఉన్నాయి. ఆ అడగడంలో కోపం లేదు, భయం ఉంది. "వాన రాకపోతే?"

"రాకపోతే ఆదెప్ప తినినాడు గనక రాలేదని చెప్పు. ఎవరడిగినా, ఏ ఊర్లో అడిగినా అదే చెప్పు. ఈ పిల్ల పేరు మాత్రం ఎవరి నోట్లోంచీ రాగూడదు. కంకణాలు కట్టినోడు ఎంగిలిపడితే అందరి దీక్షా ముగిసినట్టు. మీ తాతల కట్టడే. పోండి, పోయి పొయ్యిలు రాజేసుకోండి. ముందు జావ తాగండి, ఒక గడియ ఆగి ముద్ద తినండి. ఒక్కసారే తింటే కడుపు తిప్పుతాది."

సుబ్బలక్ష్మమ్మ కోడలి వైపు తిరిగింది. తిడుతుందనుకున్నారు. ఆమె చేతులు చాపి బిడ్డను తీసుకుంది. "పో, కూర్చో. తాగు" అంది.

లక్ష్మక్క వసారా చివర కూర్చుంది. తిరుపాలమ్మ ఇచ్చిన జావను రెండు చేతుల్తో పట్టుకుని గబగబా తాగబోయింది.

"మెల్లగా తల్లీ" అన్నాడు ఆదెప్ప. "గిన్నె యాడికీ పోదు."

జనం ఒక్కొక్కరే కదిలారు. హనుమంతరాయుడు మాత్రం అక్కడే నిలబడి ఉన్నాడు. చేతిలో కొత్త కంకణాన్ని ఉండలా చుడుతూ, విప్పుతూ. చివరికి తల ఎత్తకుండా తిరుపాలమ్మను అడిగాడు.

"ఒదినా, ఇంకొంచెం జావ ఉంటే ఇస్తావా? మా ఇంట్లో పొయ్యి అందుకునేదాకా అమ్మ తట్టుకోలేదేమో. రాత్రి పిలిస్తే పలకల్యా."

తిరుపాలమ్మ పెద్దచెంబు నింపి ఇచ్చింది. ఆయన దాన్ని కండువాతో పట్టుకుని, ఒలకకుండా చూసుకుంటూ, దాదాపు పరుగున పోయాడు.

వాన ఆ శనివారం రాలేదు. ఆ నెలలోనూ రాలేదు. పక్క ఊళ్లలో మాట పాకింది. కదిరి సంతలో ఆదెప్పను చూసి మొక్కేవాళ్లు తగ్గారు. "ఏమప్పా, వానను తినేసినావంటనే?" అని కొందరు ఎగతాళి పట్టారు. ఆదెప్ప వెన్ను వంచలేదు. "అవునప్పా, తింటి. ఊరిబిండితో తింటి" అనేవాడు. హనుమంతరాయుడు ఆదెప్ప మాట నిలబెట్టాడు. లక్ష్మక్క పేరు ఊరు దాటలేదు.

మరుసటేడు మళ్లీ దీక్ష మాట వచ్చినప్పుడు ఆదెప్ప సిబ్బి చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. ఈసారి ఇంటి పెద్దతో ఆగలేదు. "నీకు శక్తి ఉండాదా తల్లీ? నువ్వు ఉండగలవా నాయనా?" అని ఒక్కొక్కరినీ అడిగాడు. అడగడానికి మూడు రోజులు పట్టింది. కంకణాలు పదిహేడే కట్టాడు.

చదివినవాళ్లకు ఒక విన్నపం. మీ ఇంట్లో ఎవరైనా ఉపవాసం పట్టిన రోజున, పూజకు కూర్చునే ముందు, ఆ ఇంటి బరువు ఎవరి నెత్తిన ఉందో ఒకసారి చూడండి. వాళ్లు తిన్నారో లేదో అడగండి. అడిగేటప్పుడు రాళ్లవంకపల్లె ఆదెప్పను తలుచుకోండి.